ముట్టు కాని ఎలుక చెప్పగలిగినదెంత?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు, ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చెన్నైవాసులు రాసినవే అయినా, ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఇరవై ఏళ్లుగా పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయికి 24 ఏళ్లు, ఓఎంఆర్‌లో ఉద్యోగం చేస్తోంది. ప్లస్ టూ చదివే రోజుల నుంచి నెలసరి వచ్చిన మొదటి రెండు రోజులూ మంచం దిగలేకపోయేది. పెళ్లయితే తగ్గిపోతుందని పెద్దవాళ్లు అంటే నేనూ నమ్మి పట్టించుకోలేదు. నిరుడు స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్టు ఉందని, జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అని చెప్పారు. మూడు నెలలు ఇంజెక్షన్లు ఇచ్చి నెలసరి ఆపారు. ఇప్పుడు రోజుకొక డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర వేసుకుంటోంది. మొన్న ఒక పత్రికలో ‘ఎలుకల్లో ఎండోమెట్రియోసిస్ నయం’ అన్న వార్త చూశాను. ఇది నెలసరితో ముడిపడిన జబ్బు కదా, ఎలుకకు నెలసరి వస్తుందా? రాని జంతువులో ఈ జబ్బును ఎలా పరీక్షిస్తారు? ఆ మందు కోసం మేం ఎదురుచూడవచ్చా?

జవాబు: అమ్మా, పట్టించుకోలేదని మిమ్మల్ని మీరు నిందించుకున్నారు కాబట్టి మొదట దానికి జవాబు చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానం కలిగే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు పది శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. బాధ మొదలయ్యాక జబ్బు పేరు తేలడానికి 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది. పెద్ద ఆసుపత్రులున్న దేశాల్లోనూ పరిస్థితి ఇదే. నెలసరి నొప్పి అంటే ఓర్చుకోవలసినదేనని ఇళ్లలోనే కాదు, వైద్యుల గదుల్లోనూ చాలాకాలం అనుకున్నారు. ఆ ఆలస్యాన్ని మీరొక్కరే మోయవలసిన పని లేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. గర్భాశయం లోపలి పొర లాంటిదే గర్భాశయం బయట, కడుపులో పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రయోగశాలలో వాడే మామూలు ఎలుకకు గానీ, చిట్టెలుకకు గానీ ముట్టు రాదు. మనిషి గర్భాశయంలో అండం విడుదలైన తరువాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ప్రభావంతో లోపలి పొర, పిండం వచ్చినా రాకపోయినా, దానిని నిలుపుకోవడానికి తగినట్టుగా ప్రతి నెలా మారిపోతుంది. పిండం రానప్పుడు హార్మోను పడిపోయి, అలా మారిన పొర రక్తంతో పాటు ఊడి బయటికి వస్తుంది. ఎలుకలో ఈ మార్పు పిండం వచ్చి గర్భాశయ గోడను తాకితేనే మొదలవుతుంది. పిండం రాకపోతే మారేదీ లేదు, ఊడేదీ లేదు; నాలుగైదు రోజుల్లో ఒక ఋతుచక్రం ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. ముట్టయ్యే జంతువులు మనతో పాటు చింపాంజీ వంటి తోక లేని వాలిడి జాతులు, చాలా రకాల కోతులు, కొన్ని గబ్బిలాలు, ఆఫ్రికాలోని పొడవు ముక్కు చుంచు మాత్రమే అని చాలాకాలం అనుకున్నారు. ఎలుకల కుటుంబంలోనూ ముళ్ల వంటి వెంట్రుకలున్న ఒక చిన్న జాతికి సుమారు తొమ్మిది రోజులకొకసారి ముట్టు వస్తుందని 2017లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. ఇక్కడ గిండీలో ఐఐటీ ఆవరణలోని చెట్ల మీద తిరిగే బోనెట్ కోతులకైతే మనలాగే దాదాపు నెలకొకసారి ముట్టు వస్తుంది.

ముట్టుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1920లలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. ముట్టు రక్తంలో కొంత బయటికి పోకుండా అండవాహికల గుండా వెనక్కి, కడుపులోకి జారుతుందని, దానితో వెళ్లిన గర్భాశయ పొర ముక్కలు అండాశయం మీద, పేగుల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద అతుక్కుని పెరుగుతాయని ఆయన 1927లో రాశాడు. మీ అమ్మాయి సిస్టులో ఉన్న చాక్లెట్ రంగు ద్రవం అలా పెరిగిన పొర నుంచి నెలనెలా కారి, బయటికి దారి లేక నిలిచిపోయిన పాత రక్తమే. 1950ల మొదట్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు కోతుల్లో గర్భాశయ ముఖాన్ని కడుపులోకి మళ్లించి, ముట్టు రక్తమంతా లోపలే పడేటట్టు చేసి చూశారు. కొన్ని కోతుల్లో జబ్బు వచ్చింది, కొన్నిటిలో రాలేదు. ఆ రానివే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తాయి. ఎందుకంటే అండవాహికలు మూసుకుపోని ఆడవాళ్లలో నూటికి తొంభై మందికి ముట్టు రక్తం కొంత వెనక్కి వెళ్తుందని తరువాత తేలింది. తొంభై మందిలో వెనక్కి వెళ్లే రక్తం పది మందిలోనే జబ్బుగా ఎందుకు మారుతుందన్నది ఈ జబ్బులోని అసలు చిక్కుముడి.

ముట్టు రాని ఎలుకలో ఈ జబ్బును ఎలా తెస్తారంటే, నిజానికి తేరు, అతికిస్తారు. వెర్నన్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఎలుక గర్భాశయం నుంచి చిన్న ముక్క కోసి, అదే ఎలుక పేగులను పట్టి ఉంచే పొరలోని రక్తనాళాల మీద కుడతారు. కొద్ది వారాల్లో ఆ ముక్క నీరు నిండిన తిత్తిగా పెరుగుతుంది. అండాశయాలు తీసివేస్తే తిత్తి కుంచించుకుపోతుంది, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఇస్తే మళ్లీ ఉబ్బుతుంది. హార్మోను మీద ఆధారపడి బతకడం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపించే ప్రయోగం ఇంకొకటి లేదు, అందుకే దానికి అంత విలువ. అయితే ఆ ముక్కను అక్కడ పెట్టింది మనిషి చెయ్యి. అది ఎలా వచ్చి అతుక్కుందో, ఒంటిలోని రక్షణ వ్యవస్థ దానిని ఎందుకు తుడిచిపెట్టలేదో ఆ ఎలుకను అడగలేం. పైగా కుట్టిన ముక్కలో లోపలి పొరతో పాటు గర్భాశయ కండరం కూడా ఉంటుంది.

ఈ లోటు పూడ్చడానికి రకరకాలుగా ప్రయత్నించారు. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టించిన చిట్టెలుకల కడుపులో ఆడవాళ్ల నుంచి తీసిన పొరనే పెట్టి పెంచారు. కణజాలం మనిషిది కావడం మేలే. కానీ ఈ జబ్బులో రక్షణ కణాల పాత్ర చాలా పెద్దది, ఆ ఎలుకలో అవి సరిగా లేవు. ఎడిన్‌బరో బృందం 2014లో ప్రచురించిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. చిట్టెలుకకు అండాశయాలు తీసి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లను మనిషిలో ఉన్న వరుసలో ఇచ్చి, పిండం తాకినట్టు భ్రమపడేలా గర్భాశయంలో ఒక చుక్క నూనె వేసి, చివరికి ప్రొజెస్టెరాన్‌ను ఆపేస్తే, ఎన్నడూ ముట్టు రాని ఆ ప్రాణికి ముట్టు లాంటిదే వస్తుంది. ఊడిన ఆ పొరను సేకరించి వేరే ఎలుక కడుపులోకి ఎక్కిస్తే కుట్టు అవసరం లేకుండానే అతుక్కుంటుంది. శాంప్సన్ ఊహకు ఎలుకలో ఇంతకంటే దగ్గరగా రావడం కష్టం.

వీటన్నిటికంటే మనకు దగ్గరగా ఉండేది బబూన్ అనే పెద్ద ఆఫ్రికా కోతి. దానికి నెలకొకసారి ముట్టు వస్తుంది, ఈ జబ్బు దానంతట అదిగా కూడా వస్తుంది. నైరోబీలోని ప్రైమేట్ పరిశోధన సంస్థలోనూ, అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలోనూ బబూన్ ముట్టు పొరను దాని కడుపులోకే ఎక్కించి జబ్బు తెప్పించి, నెలల తరబడి గమనించారు. ఇందులో ఉన్న విలువ ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి. ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ల గర్భాశయంలో ఉన్న పొర కూడా, కడుపులో అతుక్కున్నది కాదు, దాని చోట అది ఉన్న పొర కూడా, మామూలుగా ఉండదు. ప్రొజెస్టెరాన్ చెప్పిన మాట సరిగా వినదు. అయితే ఆ పొర ముందే అలా ఉండి జబ్బుకు దారి తీసిందా, లేక జబ్బు వచ్చాక అలా తయారైందా? ఆడవాళ్లలో దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే మీ అమ్మాయి లాగే ప్రతి ఒక్కరూ జబ్బు వచ్చి ఏళ్లు గడిచాకే డాక్టరు దగ్గరికి వస్తారు; జబ్బుకు ముందు రోజు పొర ఎలా ఉందో చూసినవారు లేరు. బబూన్‌లో ఆ ముందు రోజు పొరను చూడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న జంతువుకు కడుపులో జబ్బు తెప్పించిన కొన్ని నెలలకు గర్భాశయంలోని పొర కూడా మారడం, ప్రొజెస్టెరాన్‌కు స్పందన తగ్గడం గమనించారు. అంటే కనీసం కొంత మార్పు జబ్బు వెంట వచ్చినదే. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి పిల్లలు పుట్టడం ఎందుకు ఆలస్యమవుతుందో అర్థం చేసుకోవడానికి ఇది చాలా ముఖ్యమైన సంగతి.

ఇప్పుడు మీ అమ్మాయికి ఇచ్చిన ఇంజెక్షన్ సంగతి చూడండి. మూడు నెలలు నెలసరి ఆపడానికి మామూలుగా వాడేది ల్యూప్రొలైడ్ వంటి మందు. మెదడులోని హైపోథాలమస్ నుంచి వెలువడి అండాశయాలను నడిపించే హార్మోను నిర్మాణాన్ని 1971లో షాలీ, గియెమాన్ బృందాలు పోటీపడి కనుక్కున్నాయి. దాని కోసం లక్షలాది పందుల, గొర్రెల మెదళ్లను కబేళాల నుంచి సేకరించారు. వారిద్దరికీ 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హార్మోనును ఎక్కువగా ఇస్తే అండాశయాలు ఎక్కువగా పనిచేస్తాయని ఎవరైనా అనుకుంటారు. పిట్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల్లో దీనికి పూర్తిగా భిన్నమైన సంగతిని చూసి 1978లో ప్రకటించింది. గంటకొకసారి చొప్పున విడివిడిగా ఇస్తే, మెదడు కింద ఉండి అండాశయాలకు ఆదేశాలు పంపే పిట్యూటరీ గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోనును ఆగకుండా ఎక్కిస్తే కొద్ది రోజుల్లో ఆ గ్రంథి స్పందించడం మానేసింది. నెల పొడవునా ఒంటిలో నిలిచి ఉండే ఇంజెక్షన్ మీ అమ్మాయిలో చేసినది ఇదే: గ్రంథి మూగబోయింది, అండాశయం ఆగింది, ఈస్ట్రోజెన్ పడిపోయింది, కడుపులోని పొరకు ఆహారం అందలేదు. రీసస్ కోతి మన ఊళ్లలో తిరిగేదే, ఒకప్పుడు వేలకు వేలుగా మన దేశం నుంచి అమెరికాకు ఓడల మీద, విమానాల మీద వెళ్లినదే. 1978లోనే ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. డైనోజెస్ట్ కూడా ఆడవాళ్ల దగ్గరికి రాకముందు గర్భాశయ ముక్క కుట్టిన ఎలుకల్లో పరీక్షకు నిలిచిన మందే. కాబట్టి మీ అమ్మాయి పొందిన ఉపశమనంలో జంతువుల మీద జరిగిన పనికి భాగముంది. అది చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు.

అయితే అదే న్యాయంతో రెండో సంగతీ చెప్పాలి. మంట పుట్టించే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే మందులు బబూన్లలో జబ్బును తగ్గించాయి. ఎంతో ఆశతో అదే కోవకు చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను బెల్జియంలో ఆడవాళ్లకు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే నొప్పి ఏమీ ఎక్కువ తగ్గలేదు. ఎముకల బలానికి వాడే రలాక్సిఫిన్ జంతువుల్లో ఈ పొర ముక్కలను కుంచింపజేసింది. శస్త్రచికిత్స తరువాత దానిని తీసుకున్న ఆడవాళ్లలో నొప్పి మాత్రం, తీసుకోనివారి కంటే త్వరగా తిరిగి వచ్చింది. ఆ పరీక్షను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. ఈ రెండు ఫలితాలూ 2008లో వెలువడ్డాయి.

ఎందుకు ఇలా జరుగుతుందంటే, చాలా ప్రయోగాల్లో కొలిచేది తిత్తి పరిమాణాన్ని. మీ అమ్మాయిని మంచం దిగనివ్వనిది నొప్పి. ఈ రెండూ ఒకటి కావని స్త్రీల వైద్యులందరికీ తెలుసు: పెద్ద సిస్టు ఉండి నొప్పి లేనివారు ఉంటారు, చూపుకు కూడా అందని మచ్చలతో విలవిలలాడేవారు ఉంటారు. ఫ్లోరిడాలో కరెన్ బర్క్‌లీ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో కుట్టిన ముక్కల్లోకి కొత్త నరాలు మొలిచి వెళ్తాయని, ఆ ఎలుకల యోనిలో నొప్పి తెలిసే తీరు కూడా మారుతుందని చూపించారు. తిత్తిని కొలవడం మాని నొప్పిని వెతకడం మొదలుపెట్టిన పరిశోధనలకు ఆమె పని దారి చూపింది. ఎలుక తన నొప్పిని చెప్పలేదు కాబట్టి, అది గూడు కట్టుకోవడం మానిందా, కన్నాలు తవ్వడం తగ్గించిందా, సన్నని పీచుతో పొట్టను తాకితే ఉలిక్కిపడుతోందా అని చూడాలి. ఓపిక కావాలి, ఖర్చు కూడా ఎక్కువే. పత్రికలో వచ్చిన ఆ వార్తలో ఏ ఎలుక, జబ్బును ఎలా తెప్పించారు, నయమైందన్నది తిత్తా నొప్పా అన్న సంగతులు ఉన్నాయేమో ఒకసారి మళ్లీ చూడండి. లేకపోతే దానిని పరిశోధన మొదలైందన్న కబురుగా తీసుకోండి. అలాంటి మందు ఎలుక నుంచి ఆడవాళ్ల దాకా రావడానికి, వచ్చే పక్షంలో, పదేళ్లకు తక్కువ పట్టడం అరుదు. దాని కోసం ఇప్పుడున్న మాత్రను ఆపవద్దు. దానితో రక్తపు మరకలు, మనసు కుంగడం వంటివి ఉంటే డాక్టరుతో చెప్పి మార్పించుకోవచ్చు.

ప్రశ్న: నేను చెన్నైలో ఒక కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అండాశయాలు తీసిన ఎలుకలకు ఈస్ట్రోజెన్ ఇచ్చి, గర్భాశయ లోపలి పొర అతిగా మందమయ్యే హైపర్‌ప్లేసియా తెప్పించి, ఒక మూలిక రసం దానిని తగ్గిస్తుందేమో చూడడం నాకు ఇచ్చిన ప్రాజెక్టు. ఎలుకలను చంపాలంటే నాకు చెయ్యి రావడం లేదు. ఈ పని నిజంగా అవసరమా, నేను బలహీనురాలినా?

జవాబు: చెయ్యి రాకపోవడం బలహీనత కాదమ్మా. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను ప్రతి ఉదయం ఒకే వేళకు ఎలుకల యోని స్రావాన్ని స్లైడు మీద పూసి, రంగు వేసి, ఏ ఎలుక ఋతుచక్రంలో ఏ దశలో ఉందో రాసుకునేవాడిని. ఆ ఎలుకలను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కొంచెం సంకోచించేవారే మా దగ్గర మంచి పనివారయ్యారు. వారి చేతిలో ఎలుక భయపడేది కాదు, ఫలితాలు కూడా నిలకడగా ఉండేవి.

మీ ప్రయోగానికి గొప్ప వంశమే ఉంది. స్రావపు స్లైడు చూసి ఋతుచక్రాన్ని చెప్పే విద్యను 1917లో స్టాకార్డ్, పాపనికోలౌ గినీ పందుల్లో కనిపెట్టారు. గర్భాశయ ముఖం క్యాన్సరును ముందుగా పట్టుకునే నేటి పాప్ పరీక్షకు పేరిచ్చినది ఆ పాపనికోలౌయే. ఆ స్లైడు ఆధారంగానే 1923లో అలెన్, డాయిసీ అండాశయ హార్మోనును గుర్తించారు. ప్రొజెస్టెరాన్ పనిని 1929లో కార్నర్, మరొక అలెన్ కుందేలు గర్భాశయ పొరలో చూశారు. తోడుగా ప్రొజెస్టెరాన్ లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలాకాలం అందితే పొర మందమై చివరికి క్యాన్సరు దాకా వెళ్లగలదన్న సంగతి 1975లో, ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ మాత్రలు వాడిన అమెరికా స్త్రీలలో స్పష్టమైంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయినది టామాక్సిఫెన్ కథ. రొమ్ము క్యాన్సరులో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఈ మందును, 1988లో క్రెగ్ జోర్డన్ బృందం మనిషి రొమ్ము కణితి, మనిషి గర్భాశయ పొర కణితి రెండూ ఒకే చిట్టెలుకలో పెంచి పరీక్షించింది. రొమ్ము కణితి ఆగింది. గర్భాశయ కణితి పెరిగింది. ఒకే మందు, ఒకే ఒళ్లు, రెండు రకాల పని. ఆ హెచ్చరిక ఆడవాళ్లలో నిజమైంది. టామాక్సిఫెన్ వాడుతున్న ముట్లుడిగిన స్త్రీకి రక్తం కనిపిస్తే వెంటనే గర్భాశయాన్ని పరీక్షించాలన్న నియమానికి బలం అక్కడి నుంచే వచ్చింది. అయితే అదే మందు ఎలుకలకు కాలేయ క్యాన్సరు తెచ్చింది, ఆడవాళ్లకు తేలేదు. ఒకే మందు విషయంలో ఒక జంతువు నిజం చెప్పింది, ఇంకొకటి తప్పుదారి పట్టించింది.

ఇప్పుడు మీ ప్రాజెక్టు గురించి నా అభిప్రాయం. ఈస్ట్రోజెన్ పొరను మందం చేస్తుందని నిరూపించడానికి ఇంకొక్క ఎలుక కూడా అక్కరలేదు. అది తెలిసిన సంగతి. మూలిక విషయానికి వస్తే, చాలా మూలికల్లో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు ఉంటాయి. అవి ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న చోట దానిని అడ్డుకున్నట్టు, లేని చోట దాని పని తామే చేసినట్టు కనిపించవచ్చు. కాబట్టి మూలిక ఒక్కదానినే ఇచ్చిన ఎలుకల గుంపు లేకపోతే మీ ఫలితానికి అర్థం ఉండదు. ఇంకొక సంగతి, చాలామంది గమనించనిది: ఎలుకల దాణా. సోయా పిండి కలిసిన దాణాలోనే గర్భాశయం బరువు పెంచగల పదార్థాలు ఉంటాయి. పైగా సోయాలోని ఒక పదార్థాన్ని దాదాపు ఎలుకలన్నీ తమ పేగుల్లో ఈక్వాల్ అనే బలమైన రూపంలోకి మార్చుకుంటాయి. మనుషుల్లో కొందరే మార్చుకోగలరు. దాణా సంచి మీద ఏం రాసి ఉందో చూడకుండా మొదలుపెట్టిన ప్రయోగంలో ప్రాణాలు పోయిన ఎలుకలు వృథా అవుతాయి, నన్ను అన్నిటికంటే బాధించేది అదే.

మీ గైడుగారితో ఈ మాట మాట్లాడండి: ముందుగా కణాల మీద మూలికను పరీక్షించి, అక్కడ పనిచేస్తేనే ఎలుకల దాకా వెళ్దామని అడగండి. మనిషి గర్భాశయ పొర నుంచి తీసిన కణాలను గిన్నెలో గుండ్రని చిన్న ముద్దలుగా పెంచి, హార్మోన్లకు అవి ఎలా స్పందిస్తాయో చూసే ఆర్గనాయిడ్ పద్ధతి 2017 నుంచి ఉంది. అయితే దానిలో రక్తనాళాలు లేవు, రక్షణ కణాలు లేవు, అండాశయంతో సంభాషణ లేదు. అందుకే అది ఎలుకను పూర్తిగా తప్పించలేదు, చాలా ఎలుకలను మాత్రం తప్పించగలదు. మందుల పరీక్షలో ఇలాంటి పద్ధతులను జంతు ప్రయోగాలకు బదులుగా వాడవచ్చని మన దేశం 2023లో నిబంధనలను సవరించింది కూడా.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నిబంధనల ప్రకారం, మీ కళాశాలలోని జంతు నైతిక సంఘం అనుమతి రాకముందు ఒక్క ఎలుకనూ ముట్టుకోకూడదు. ఎన్ని ఎలుకలు, ఆ సంఖ్య ఎలా వచ్చింది, అండాశయాలు తీసేటప్పుడు మత్తు ఏమిటి, తరువాత నొప్పి తగ్గించే మందు ఏమిటి అని ఆ సంఘం అడగాలి. అడగకపోతే మీరే రాసి ఇవ్వండి. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో చెప్పిన మూడు పనులు, జంతువుకు బదులు వేరొకటి వాడడం, వాడక తప్పకపోతే సంఖ్య తగ్గించడం, తగ్గించిన వాటికి బాధ తగ్గించడం, ఆ దరఖాస్తులో ఖాళీలు నింపడానికి ఉన్నవి కావు. వాటిని నిజంగా పాటించి, అప్పటికీ ఎలుక అవసరమని మీకే తోస్తే ఆ పని చేయండి. తోచకపోతే కణాల మీదే ప్రాజెక్టు పూర్తి చేయండి. డిగ్రీకి అది తక్కువేమీ కాదు.

ప్రశ్న: వేళచ్చేరిలో మా ఇంట్లో తొమ్మిదేళ్ల ఆడ లాబ్రడార్ ఉంది. ఈతకు రాకుండా కాపాడుకున్నాం గానీ ఆపరేషన్ చేయించలేదు. హీట్ (ఎద) అయిపోయిన నెల తరువాత తిండి మానేసి, విపరీతంగా నీళ్లు తాగింది. గర్భాశయంలో చీము చేరిందని, దానికి మూలం హార్మోనే అని డాక్టరు చెప్పి గర్భాశయం తీసేశారు. మా ఆవిడకు కూడా హార్మోన్ల వల్లే గర్భాశయ పొర మందమైందని చెప్పారు. రెండూ ఒకటేనా? అయితే కుక్కల మీద పరిశోధించి ఆడవాళ్లకు మందు కనుక్కోవచ్చు కదా?

జవాబు: రెండూ గర్భాశయ పొర జబ్బులే, రెండిటికీ మూలం హార్మోన్లే, కానీ హార్మోన్లు వేరు. ఆడవాళ్లలో పొరను అతిగా పెంచేది ఈస్ట్రోజెన్, దానికి కళ్లెం వేసేది ప్రొజెస్టెరాన్. అందుకే మీ ఆవిడకు ఇచ్చిన మందు బహుశా ప్రొజెస్టెరాన్ కోవకు చెందినదై ఉంటుంది. కుక్కలో దోషి ఆ ప్రొజెస్టెరానే. కుక్క చూలు కట్టినా కట్టకపోయినా హీట్ తరువాత దాదాపు రెండు నెలల పాటు దాని రక్తంలో ప్రొజెస్టెరాన్ ఎక్కువగానే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పొర తిత్తులు తిత్తులుగా మందమవుతుంది, గర్భాశయ కండరం సడలిపోతుంది, యోని నుంచి ఎక్కిన సూక్ష్మక్రిములు, ముఖ్యంగా ఇ. కోలై, అక్కడ తిష్ఠ వేస్తాయి. మీ కుక్కకు హీట్ తరువాత నెలకు జబ్బు రావడం యాదృచ్ఛికం కాదు, అది వచ్చే సమయమే అది.

కుక్కను ఆడవాళ్లకు నమూనాగా తీసుకుంటే ఏం జరుగుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. గర్భనిరోధక హార్మోన్లన్నిటినీ బీగిల్ కుక్కల్లో ఏడేళ్ల పాటు పరీక్షించాలని అమెరికా ఒకప్పుడు పట్టుబట్టింది. ప్రొజెస్టెరాన్‌ను పోలిన మందులు ఇచ్చిన బీగిళ్లకు రొమ్ము గడ్డలు వచ్చాయి. ఆ కారణం కూడా చేర్చి 1978లో డెపో ప్రొవెరా అనే ఇంజెక్షన్‌ను గర్భనిరోధానికి అనుమతించలేదు. ఈ హార్మోనుకు బీగిల్ రొమ్ము స్పందించే తీరు ఆడవాళ్లలో ఉన్న తీరు కాదని క్రమంగా అర్థమై, అనుమతి వచ్చేసరికి 1992 అయింది. ఇవాళ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో మూడు నెలలకొకసారి ఉచితంగా ఇస్తున్న ఇంజెక్షన్ అదే మందు.

అలాగని కుక్క నుంచి నేర్చుకునేది లేదనలేను. కుక్కకు కుక్కే రోగి; దాని జబ్బును ఎవరూ తెప్పించలేదు, అది మన ఇంటి గాలి పీల్చి, మన చేతి తిండి తిని, దానంతట అది జబ్బు పడింది. వేప్పేరిలో 1903 నుంచి ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల వంటి చోట్ల కుక్కల నుంచి తీసిన గర్భాశయాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే, పొర మందమయ్యే తొలి దశ నుంచి చీము నిండే చివరి దశ వరకు ఒక్కొక్క మెట్టూ కనిపిస్తుంది, అందుకు ఒక్క కుక్కను కూడా ప్రయోగానికి బలి ఇవ్వనక్కరలేదు. ఇంకా ఆపరేషన్ కాని ఆడకుక్కలు ఉన్న పాఠకులు ఒక లెక్క గుర్తుంచుకోండి: హీట్ ముగిసిన రెండో వారం నుంచి రెండో నెల చివరి దాకా కుక్క ఎక్కువ నీళ్లు తాగినా, తిండి మానినా, వాంతి చేసుకున్నా, వెనక తడి కనిపించినా, కనిపించకుండా పొట్ట మాత్రమే ఉబ్బినా, తెల్లవారేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. గర్భాశయ ముఖం మూసుకుని చీము బయటికి రానప్పుడే ప్రాణాపాయం ఎక్కువ.